బ్యాలస్ట్ నీరు తోడేశాక సముద్రపు రిగ్గు స్థిరత్వం

సముద్రంలో చమురు, సహజవాయువు బావులు తవ్వే రిగ్గు స్థిరత్వం కోసం తన ట్యాంకుల్లో నింపుకున్న నీటిని, అంటే బ్యాలస్ట్‌ను, బయటికి తోడేసినప్పుడు దాని బరువు, మునక లోతు, గురుత్వ కేంద్రం, ఒరిగినా తిరిగి నిటారుగా నిలిచే శక్తి అన్నీ ఒకేసారి మారతాయి. ఈ మార్పులను వాల్వు తెరవక ముందే అంకెల్లో తేల్చుకోవడాన్ని స్థిరత్వ లెక్కింపు అంటారు. ఆంధ్రప్రదేశ్ తీరంలో కృష్ణా-గోదావరి బేసిన్ పొడవునా, కాకినాడ ముందరి లోతు జలాల నుంచి సూరాసానియానం దగ్గరి రవ్వ క్షేత్రం వరకు, ఈ లెక్క రోజువారీ పని. బరువు తగ్గితే ఓడ తేలికవుతుంది కాబట్టి భద్రత పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. రిగ్గు విషయంలో ఇది ప్రమాదకరమైన అపోహ. ఎంత నీరు పోయిందన్న దానికంటే ఏ ఎత్తు నుంచి, ఏ పక్క నుంచి పోయిందన్నదే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది.

తీరమూ రిగ్గులూ

కృష్ణా-గోదావరి బేసిన్‌లో మూడు రకాల రిగ్గులూ పనిచేశాయి. తీరానికి దగ్గరగా, లోతు తక్కువ ఉన్నచోట కాళ్లు దించుకుని నిలబడే జాకప్ రిగ్గులు వాడతారు. 1987లో కనుగొన్న రవ్వ క్షేత్రం అలాంటి తక్కువ లోతుది. లోతు పెరిగేకొద్దీ కాళ్లు అందవు. అక్కడ పాంటూన్లనే బోలు పెట్టెలు నీళ్లలో మునిగి, స్తంభాల మీద డెక్ నిలిచే సెమీ సబ్‌మెర్సిబుల్ రిగ్గులు, ఓడ ఆకారంలోనే ఉండే డ్రిల్‌షిప్‌లు వస్తాయి. 2002లో కనుగొన్న డీ6 వాయు క్షేత్రం ఈ తీరాన్ని లోతు జలాల పటంలోకి ఎక్కించింది. 2009 ఏప్రిల్‌లో అక్కడ వాయు ఉత్పత్తి మొదలైంది. అదే బ్లాకులోని ఆర్ క్లస్టర్‌లో రెండు వేల మీటర్లకు మించిన లోతు నుంచి 2020 డిసెంబరులో ఉత్పత్తి ప్రారంభమైంది. ట్రాన్సోషన్ సంస్థ డ్రిల్‌షిప్ ధీరూభాయ్ డీప్‌వాటర్ కేజీ1 భారత తూర్పు తీరంలో 2013లో 3,165 మీటర్ల లోతు నీటిలో బావి తవ్వింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు.

డ్రిల్‌షిప్ నిర్మాణంలోనూ తెలుగు నేలకు చోటుంది. ఓఎన్‌జీసీ డ్రిల్‌షిప్ సాగర్ భూషణ్ 1987లో విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో తయారైంది. తౌక్తే తుపాను సమయంలో, 2021 మే నెలలో, పశ్చిమ తీరంలో 101 మందితో ఉన్న ఈ నౌక లంగర్లు నిలవక కొట్టుకుపోయింది. అందులోని వారంతా క్షేమంగా బయటపడ్డారు. అదే తుపానులో పీ-305 అనే వసతి బార్జి మునిగి చాలామంది చనిపోయారు. లంగరు తెగడం వేరు, స్థిరత్వం కోల్పోవడం వేరు. మొదటిదాన్ని తట్టుకుని బయటపడాలంటే రెండోది చెక్కుచెదరకుండా ఉండాలి.

బంగాళాఖాతంలో ఈ విషయానికి ఇంకా బరువుంది. 1977 దివిసీమ ఉప్పెన, 1996 నవంబరు కోనసీమ తుపాను, 2014 హుద్‌హుద్ ఈ తీరాన్నే తాకాయి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు సెమీ సబ్‌మెర్సిబుల్ రిగ్గు పని ఆపి, నీరు తోడేసి, కొంచెం పైకి లేచి నిలబడుతుంది. అలలు డెక్ అడుగుభాగాన్ని తాకకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. రిగ్గు తన జీవితంలో అతి పెద్ద గాలిని ఎదుర్కోబోయే వేళ అదే తన అడుగున ఉన్న బరువును వదులుకుంటుందన్నమాట. లెక్క తప్పకూడదని అనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

నిలబెట్టే బలాలు

తేలే వస్తువు మీద రెండు బలాలు పనిచేస్తాయి. బరువు గురుత్వ కేంద్రం నుంచి కిందికి లాగుతుంది. తొలగిన నీటి బరువుకు సమానమైన ఉత్ప్లవన బలం, మునిగిన భాగపు కేంద్రం నుంచి పైకి నెడుతుంది. రిగ్గు కొద్దిగా ఒరిగితే మునిగిన భాగం ఆకారం మారి ఉత్ప్లవన కేంద్రం ఒరిగిన వైపుకు జరుగుతుంది. అక్కడి నుంచి పైకి గీసిన నిలువు గీత రిగ్గు మధ్యరేఖను కలిసే బిందువే మెటాసెంటర్. అది గురుత్వ కేంద్రానికి పైన ఉంటే రిగ్గు తిరిగి నిటారవుతుంది. కింద ఉంటే ఇంకా ఒరుగుతుంది. రెంటి మధ్య దూరాన్ని నావికులు జీఎం అంటారు. అది ధనాత్మకంగా ఉండటం కనీస నిబంధన మాత్రమే.

ఈ సూత్రం తీరానికే పరిమితం కాదు. ఇడుపులపాయలోని రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రాంగణం సముద్రానికి ఎంతో దూరంలో, వేంపల్లె దగ్గరి కొండల నడుమ ఉంది. అక్కడ సివిల్, మెకానికల్ శాఖల విద్యార్థులు ద్రవ యాంత్రికశాస్త్రంలో చదువుకునే మెటాసెంటర్, కాకినాడ ముందరి రిగ్గు నియంత్రణ గదిలో వాడే మెటాసెంటర్ ఒకటే. తేడా అంతా ఆకారంలో ఉంది.

అడుగు నుంచి మెటాసెంటర్ ఎత్తు కట్టాలంటే ఉత్ప్లవన కేంద్రం ఎత్తుకు మరో పదాన్ని కలపాలి. నీటిమట్టం దగ్గర రిగ్గును అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యపు జడత్వ భ్రామకాన్ని మునిగిన ఘనపరిమాణంతో భాగిస్తే ఆ పదం వస్తుంది. మామూలు ఓడకు నీటిమట్టం దగ్గరి కోత ఓడంత పొడవుగా, వెడల్పుగా ఉంటుంది. సెమీ సబ్‌మెర్సిబుల్‌కు పనిచేసే మునక లోతులో నీటిని చీల్చుకుని కనిపించేవి నాలుగైదు స్తంభాలే. కోత వైశాల్యం చిన్నది కాబట్టి అలలకు అది అంతగా ఊగదు. బావి తవ్వడానికి ఇది వరం. అదే కారణంగా బరువులో చిన్న మార్పుకు కూడా మునక లోతు చాలా మారుతుంది. స్తంభాలను వీలైనంత దూరంగా పెట్టి ఆ లోటు పూడుస్తారు. ఎందుకంటే జడత్వ భ్రామకంలో దూరం వర్గమై వస్తుంది.

అంకెల్లో ఒక రిగ్గు

ఈ లెక్క ఎలా నడుస్తుందో చూడటానికి ఒక ఊహా రిగ్గును తీసుకుందాం. కింది కొలతలు ఏ నిజమైన రిగ్గువీ కావు. 100 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల ఎత్తు ఉన్న రెండు పాంటూన్లు. వాటి మీద 12 మీటర్ల చదరపు స్తంభాలు నాలుగు. రెండు వరుసల స్తంభాలూ మధ్యరేఖకు చెరో పక్క 28 మీటర్ల దూరంలో ఉన్నాయి. పనిచేసేటప్పుడు మునక లోతు 20 మీటర్లు.

పాంటూన్లు 25,600 ఘనపు మీటర్లు, స్తంభాల మునిగిన భాగం 6,912 ఘనపు మీటర్లు, మొత్తం 32,512. ఘనపు మీటరు సముద్రపు నీరు 1.025 టన్నులు అనుకుంటే బరువు 33,325 టన్నులు. ఉత్ప్లవన కేంద్రం అడుగు నుంచి 6.13 మీటర్ల ఎత్తున ఉంటుంది. స్తంభాల జడత్వ భ్రామకాన్ని ఘనపరిమాణంతో భాగిస్తే 14.10 మీటర్లు. రెండూ కలిపి మెటాసెంటర్ ఎత్తు 20.23 మీటర్లు. డెక్ మీది సామగ్రి, డెరిక్ (తవ్వే గోపురం), అడుగు బ్యాలస్ట్ అన్నీ లెక్కేశాక గురుత్వ కేంద్రం 17 మీటర్ల దగ్గర ఉందనుకుంటే జీఎం 3.23 మీటర్లు.

ఇప్పుడు రెండు పాంటూన్ల నుంచి సమానంగా, మొత్తం 1,000 టన్నుల నీరు తోడేద్దాం. ఆ నీటి మధ్యబిందువు అడుగు నుంచి 3 మీటర్ల ఎత్తున ఉంది. సూత్రం సరళమే: పాత బరువును పాత గురుత్వ కేంద్రం ఎత్తుతో గుణించాలి, అందులోంచి, తీసిన నీటి బరువును దాని ఎత్తుతో గుణించిన మొత్తాన్ని తీసేయాలి, మిగిలినదాన్ని కొత్త బరువుతో భాగించాలి. గురుత్వ కేంద్రం 17 నుంచి 17.43 మీటర్లకు పెరుగుతుంది. రిగ్గు 1.69 మీటర్లు పైకి లేస్తుంది. కొత్త లోతు 18.31 మీటర్లు. మెటాసెంటర్ ఎత్తు 20.26 మీటర్లు, అంటే దాదాపు కదల్లేదు. జీఎం 2.83కు పడిపోయింది. తగ్గిన 40 సెంటీమీటర్లకూ కారణం గురుత్వ కేంద్రం పైకి ఎక్కడమే.

అదే 1,000 టన్నులు డెక్ మీద, అడుగు నుంచి 35 మీటర్ల ఎత్తున ఉన్న ట్యాంకుల నుంచి పోతే గురుత్వ కేంద్రం 16.44 మీటర్లకు దిగుతుంది. జీఎం 3.82 అవుతుంది. పోయిన బరువు ఒక్కటే, లేచిన ఎత్తు ఒక్కటే. ఒక రిగ్గు బలహీనమైంది, మరొకటి బలపడింది. తోడబోయే నీటి మధ్యబిందువు గురుత్వ కేంద్రానికి కింద ఉందా, పైన ఉందా అన్నది వాల్వు తిప్పే మనిషి అడగాల్సిన తొలి ప్రశ్న. తుపానుకు ముందు డెక్ మీది బరువులను కిందికి దించడమో, తవ్వకంలో వాడే బురద ద్రవాన్ని (డ్రిల్లింగ్ మడ్) వదిలించుకోవడమో మొదట చేసి, ఆ తర్వాతే అడుగు నీటిని తోడమనే క్రమం ఇక్కడి నుంచే వచ్చింది.

తోడటం ఇంకా కొనసాగిస్తే బొమ్మ మారిపోతుంది. నీటిమట్టం సరిగ్గా పాంటూన్ల పైతలానికి, 8 మీటర్లకు, చేరినప్పుడు ఇంకా స్తంభాల కోతే పనిచేస్తూ ఉంటుంది. ఆపాటికి అడుగు నుంచి 7,085 టన్నులు పోయాయి. గురుత్వ కేంద్రం 20.78కి చేరింది. మెటాసెంటర్ 21.91 దగ్గర ఉంది. జీఎం 1.13 మీటర్లు. ఇంకొక్క మీటరు పైకి లేచి పాంటూన్లు నీటి మీద తేలగానే కోత వైశాల్యం ఒక్కసారిగా పెరిగి జీఎం 90 మీటర్లు దాటుతుంది. లాక్కెళ్లేటప్పుడు రిగ్గు ఈ స్థితిలోనే ఉంటుంది. పైకి లేచేటప్పుడూ దిగేటప్పుడూ ఈ రెండు స్థితుల మధ్య సన్నని గండం ఉందని బ్యాలస్ట్ నిపుణులందరికీ తెలుసు. అందుకే ఆ దశను ప్రశాంత సముద్రంలో, ముందుగా రాసుకున్న ట్యాంకుల వరుస ప్రకారమే దాటుతారు.

సగం నిండిన ట్యాంకు

పై లెక్కలో ట్యాంకులు పూర్తిగా నిండి ఉన్నాయని లేదా పూర్తిగా ఖాళీ అని అనుకున్నాం. తోడుతున్నంతసేపూ అది నిజం కాదు. వేసవిలో పులివెందుల పల్లెలకు నీళ్లు మోసే ట్యాంకరు సగమే నిండి ఉంటే మలుపులో ఎలా తూలుతుందో చూసినవారికి ఈ చిక్కు వేరే చెప్పక్కర్లేదు. రిగ్గు ఒరిగిన వైపుకే ట్యాంకులోని నీరూ పరుగెడుతుంది. ఫలితంగా గురుత్వ కేంద్రం పైకి జరిగినట్టే లెక్క. దీన్ని స్వేచ్ఛా ఉపరితల ప్రభావం అంటారు. నష్టం ట్యాంకులో ఎంత నీరుందన్న దాన్ని బట్టి ఉండదు. నీటి ఉపరితలపు వెడల్పు ఘనాన్ని బట్టి ఉంటుంది. చిన్న మడుగంత నీరు మిగిలినా, అది ట్యాంకు వెడల్పంతా పరుచుకుని ఉంటే, ట్యాంకు సగం నిండి ఉన్నంత నష్టమూ చేస్తుంది.

మన ఊహా రిగ్గులో 20 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు ఉన్న ట్యాంకు పాంటూనుకు ఒకటి చొప్పున సగం నిండి ఉంటే, 1,000 టన్నులు తోడిన తర్వాతి జీఎంలో 0.43 మీటర్లు పోతాయి. 2.83 కాస్తా 2.40 అవుతుంది. అదే ట్యాంకు మధ్యలో నిలువు గోడ కట్టి 8 మీటర్ల చొప్పున రెండు చేస్తే నష్టం నాలుగో వంతుకు, 0.11కు తగ్గుతుంది. ట్యాంకుల్లో కనిపించే అడ్డగోడల అసలు ప్రయోజనం ఇదే. 8 మీటర్ల లోతు దగ్గరి గండంలో అలాంటి వెడల్పు ట్యాంకులు నాలుగు సగం సగం ఉంటే 1.07 మీటర్లు పోయి జీఎం 0.06 మీటర్లకు చేరుతుంది. కాగితం మీద అది ఇంకా ధనాత్మకమే. సముద్రంలో దానికి విలువ లేదు. అందుకే అన్ని ట్యాంకులనూ కొంచెం కొంచెం తోడటం కంటే ఒక జతను పూర్తిగా ఖాళీ చేసి మరో జతకు వెళ్లడం మంచి పద్ధతి.

ఒక పక్క నుంచి పోతే

నీరు ఒక్క పాంటూను నుంచే పోతే లెక్కలోకి ఒరుగు కోణం వస్తుంది. పోయిన బరువును మధ్యరేఖ నుంచి దూరంతో గుణించి, ఆ మొత్తాన్ని రిగ్గు బరువు, జీఎంల లబ్ధంతో భాగిస్తే కోణపు టాంజెంట్ వస్తుంది. మన రిగ్గులో 28 మీటర్ల దూరం నుంచి 100 టన్నులు పోతే ఒకటిన్నర డిగ్రీ ఒరుగుతుంది. ఈ మాత్రానికే డ్రిల్లింగ్ పైపుల పని ఇబ్బందిలో పడుతుంది. 1,000 టన్నులూ ఒకే పక్క నుంచి పోతే కోణం 17 డిగ్రీలు. అక్కడ ఈ చిన్న కోణాల సూత్రం నమ్మదగినది కాదు. ఒరిగిన స్తంభాల పైభాగంలోని తలుపులు, గాలి గొట్టాలు, లంగరు గొలుసు గదుల నోళ్లు నీటికి దగ్గరపడతాయి. వాటిలో మొదటిది ఏ కోణం దగ్గర మునుగుతుందో దాన్నే నీరు చొరబడే కోణం అంటారు. స్థిరత్వ పత్రాల్లో దీనికి జీఎంతో సమానమైన స్థానం ఉంది.

ఒరిగిన ప్రతి రిగ్గుకూ మందు ఒకటే కాదు. ఒక పక్క బరువు ఎక్కువై ఒరిగితే ఆ పక్క నీరు తోడటం సరైన పనే. కానీ జీఎం రుణాత్మకమై, రిగ్గు తనంతట తాను ఏదో ఒక పక్కకు వాలి ఆగిందనుకోండి. అప్పుడు వాలిన పక్క పాంటూను నుంచి నీరు తోడితే గురుత్వ కేంద్రం ఇంకా పైకి ఎక్కుతుంది. రిగ్గు ఒక్కసారిగా అవతలి పక్కకు, మరింత వేగంగా పడవచ్చు. అలాంటప్పుడు పైబరువు దించాలి, లేదా అడుగున నీరు నింపాలి. కళ్లకు రెండు స్థితులూ ఒకేలా కనిపిస్తాయి. వాటిని వేరుచేసి చెప్పగలిగేది అప్పటిదాకా నడిపిన లెక్కే.

నీటి సాంద్రతను కూడా ఈ తీరంలో మరచిపోకూడదు. వానాకాలం తర్వాత గోదావరి, కృష్ణ, మహానది, గంగ నీళ్లతో బంగాళాఖాతం పైపొర తేలికవుతుంది. 1.025 బదులు 1.018 అనుకుంటే మన రిగ్గు ఏ ట్యాంకూ ముట్టకుండానే 39 సెంటీమీటర్లు అదనంగా మునుగుతుంది. నిజానికి తేలిక నీరు పైపైనే ఉంటుంది, అడుగున ఉప్పు నీరే ఉంటుంది కాబట్టి తేడా అంతకంటే తక్కువే. అయినా స్తంభం మీది లోతు గుర్తును చూసి ట్యాంకుల్లో నీరు పెరిగిందని పొరబడేందుకు అది చాలు.

జాకప్ రిగ్గు: నీరు నింపి, వదలడం

తీరం దగ్గర నిలిచే జాకప్ రిగ్గుకు ఈ సమస్య మరో రూపంలో వస్తుంది. గోదావరి డెల్టా ముందరి సముద్రపు అడుగు మెత్తని బంకమట్టి. కాళ్లు దించిన తర్వాత రిగ్గు తన పొట్టలోని ట్యాంకుల్లోకి సముద్రపు నీటిని ఎక్కించి, కాళ్ల కింది పాదాలను ముందే గట్టిగా నొక్కుతుంది. తుపానులో ఆ కాళ్ల మీద పడబోయే బరువును ఇప్పుడే, ప్రశాంత వాతావరణంలో, నేలకు పరీక్ష పెట్టడమన్నమాట. మట్టి కుంగడం ఆగిందని తేలాక ఆ నీటిని వదిలేస్తారు. నీరు నింపి ఉన్నప్పుడు ఒక కాలు ఉన్నట్టుండి మెత్తని పొరలోకి దిగబడటమే ఈ పనిలో అతి పెద్ద భయం. అందుకే అప్పుడు రిగ్గును నీటి మీద ఎక్కువ ఎత్తుకు లేపరు.

వదిలేసిన తర్వాతా లెక్క ఉంది. నిలబడిన జాకప్‌ను గాలి పడదోయకుండా ఆపేది దాని సొంత బరువే. బరువు మరీ తగ్గితే గాలి వైపు కాలు మీద నొక్కుడు పోయి పాదం పైకి లేచే స్థితి వస్తుంది. డెక్ మీద సామగ్రి తక్కువగా ఉన్న రిగ్గుల్లో కొంత నీటిని ట్యాంకుల్లోనే ఉంచుకునేది ఇందుకే. మరో చోటికి లాక్కెళ్లేటప్పుడు కాళ్లు పైకి లేచి గురుత్వ కేంద్రాన్ని బాగా ఎత్తుకు తీసుకెళ్తాయి. అప్పుడు జాకప్ మామూలు బార్జిలా తేలుతుంది. ఇంతకు ముందు చెప్పిన జీఎం, స్వేచ్ఛా ఉపరితలం లెక్కలన్నీ దానికీ వర్తిస్తాయి.

నియమాలు

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ సంచార డ్రిల్లింగ్ రిగ్గులకు 1979లో ఒక నియమావళి తెచ్చి, 1989లోనూ 2009లోనూ దాన్ని కొత్తగా రాసింది. మామూలు పని స్థితిలో సెకనుకు 36 మీటర్లు, తీవ్ర తుపాను స్థితిలో 51.5 మీటర్ల గాలిని రిగ్గు తట్టుకోవాలి. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి రెండో గాలి మొదటిదానికంటే రెట్టింపు బలంతో నెడుతుంది. నిటారుకు తెచ్చే భ్రామకం వక్రరేఖ కింది వైశాల్యం, గాలి ఒరగదోసే వక్రరేఖ కింది వైశాల్యం కంటే సెమీ సబ్‌మెర్సిబుల్‌కు కనీసం 30 శాతం, ఓడ ఆకారపు రిగ్గులకూ జాకప్‌లకూ 40 శాతం ఎక్కువగా ఉండాలి. సెమీ సబ్‌మెర్సిబుల్ మూడు గంటల్లోపు తుపాను లోతుకు చేరగలగాలి. పంపుల సామర్థ్యం ఎంచుకునేటప్పుడు ఈ మూడు గంటల గడువే కొలమానం.

ఈ షరతులన్నిటినీ ముందే లెక్కగట్టి, ఏ లోతులో గురుత్వ కేంద్రం ఎంత ఎత్తు దాటకూడదో ఒక వక్రరేఖగా గీసి రిగ్గుకు ఇస్తారు. రిగ్గు మీద రోజూ చేసే లెక్క ఆ గీత లోపల ఉన్నామా లేదా అన్నదే. రిగ్గు సొంత బరువు, దాని కేంద్రం మొదట ఒరుగు పరీక్షతో తెలుసుకుంటారు. తెలిసిన బరువును తెలిసిన దూరం జరిపి, లోలకంతో కోణం కొలిచి, జీఎంను వెనక్కి లెక్కగడతారు. ఏళ్లు గడిచేకొద్దీ కొత్త యంత్రాలు, రంగుల పొరలు, తీసేయకుండా వదిలిన పాత సామగ్రితో ఆ సొంత బరువు పెరుగుతూ పోతుంది. ఎంత మంచి సాఫ్ట్‌వేర్ ఉన్నా ఈ పునాది అంకె తప్పయితే ప్రతి లెక్కా తప్పే. మన దేశంలో సముద్రపు చమురు పనుల భద్రతకు 2008 నాటి నియమాలున్నాయి. వాటి అమలు చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ చేతిలో ఉంది.

ప్రమాదాలు నేర్పినవి

న్యూఫౌండ్‌లాండ్ తీరంలో 1982 ఫిబ్రవరి 15న ఓషన్ రేంజర్ అనే సెమీ సబ్‌మెర్సిబుల్ మునిగి, అందులోని 84 మందీ చనిపోయారు. బ్యాలస్ట్ చరిత్రలో ఇంతకంటే ముఖ్యమైన ఘటన లేదు. తుపాను అల ఒకటి బ్యాలస్ట్ నియంత్రణ గది అద్దాన్ని పగలగొట్టింది. ఉప్పునీరు పలక మీద పడి వాల్వుల విద్యుత్తు వలయాలు దెబ్బతిన్నాయి. వాల్వులు తెరుచుకుని నీరు ముందరి ట్యాంకుల్లోకి చేరగా రిగ్గు ముందుకు వాలింది. పంపులు పాంటూన్ల వెనుక కొసలో ఉన్నాయి. ముందు భాగం కిందికి వాలాక అవి అక్కడి నీటిని పీల్చలేకపోయాయి. ఒరుగు పెరిగి గొలుసు గదుల్లోకి నీరు దిగింది. అంతకు తొమ్మిది రోజుల ముందు, ఫిబ్రవరి 6న, బ్యాలస్ట్ పొరపాటుతో అదే రిగ్గు ఒకసారి ఒరిగి నిలదొక్కుకుంది. ఆ హెచ్చరికను అందుకుని ఉంటే కథ వేరుగా ఉండేది. నిటారుగా ఉన్నప్పుడు పనిచేసే పంపు ఒరిగినప్పుడూ పనిచేస్తుందా అని లెక్కలో అడగడం ఆ తర్వాతే రివాజైంది. విద్యుత్తు పోతే వాల్వులు తమంతట తామే మూసుకోవాలనే నియమం, బ్యాలస్ట్ నడిపేవారికి ప్రత్యేక శిక్షణ అనే ఏర్పాటు ఇక్కడి నుంచే బలపడ్డాయి.

బ్రెజిల్‌లో పెట్రోబ్రాస్ వారి పీ-36 అనే చమురు వేదిక మీద 2001 మార్చి 15న స్తంభంలో పేలుళ్లు జరిగి 11 మంది చనిపోయారు. ఒరిగిన వేదికను నిటారు చేయడానికి ఎదుటి మూల ట్యాంకుల్లోకి నీరు నింపారు. కోణం సరిపడినా మొత్తం వేదిక కిందికి దిగి, మరిన్ని ద్వారాలు నీటిమట్టానికి చేరాయి. మార్చి 20న అది మునిగింది. కోణం ఒక్కటే చూసి, మిగిలిన తేలే శక్తిని చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి పీ-36 కంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. చెన్నైకి చెందిన అబాన్ ఆఫ్‌షోర్ సెమీ సబ్‌మెర్సిబుల్ అబాన్ పెర్ల్ 2010 మే 13న వెనిజులా తీరంలో మునిగింది. పాంటూన్ల భాగంలోకి నీరు చేరిందని తెలియగానే సిబ్బందిని దించేయడంతో 95 మందీ బతికారు. స్థిరత్వం చేజారుతోందని గుర్తించి సకాలంలో రిగ్గు వదలడం కూడా ఈ విద్యలో భాగమే.

మూసిన గదులు, ఖాళీ ట్యాంకులు కూడా ప్రమాదరహితం కావు. కొచ్చిన్ షిప్‌యార్డులో మరమ్మతులో ఉన్న సాగర్ భూషణ్‌లో 2018 ఫిబ్రవరి 13న జరిగిన పేలుడు ఐదుగురి ప్రాణాలు తీసింది. మూసిన గదుల్లో, తోడేసిన ట్యాంకుల్లో దిగే ముందు గాలిని పరీక్షించడం నౌకాశ్రయాల్లో ఎప్పటికీ సడలించకూడని నియమం.

ఉత్పత్తి నౌకలు, చదువు

కృష్ణా-గోదావరి బేసిన్‌లోని ఓఎన్‌జీసీ 98/2 బ్లాకు నుంచి 2024 జనవరి 7న తొలి చమురు వచ్చింది. అక్కడ ఆర్మడా స్టెర్లింగ్ వీ అనే తేలియాడే ఉత్పత్తి నౌక చమురును నిల్వ చేసి, వేరే ట్యాంకరు నౌకలకు అప్పగిస్తుంది. అప్పగించే ప్రతిసారీ దాని ట్యాంకులు ఖాళీ అవుతాయి, బ్యాలస్ట్ నిండుతుంది. తవ్వే రిగ్గులు వెళ్లిపోయిన తర్వాతా ఈ లెక్క కాకినాడ తీరంలో ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంటుంది. బ్యాలస్ట్ నీటితో ఒక సముద్రపు జీవులు మరో సముద్రానికి చేరకుండా 2004లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2017 సెప్టెంబరు 8 నుంచి అమల్లో ఉంది. కాబట్టి మరో సముద్రం నుంచి తెచ్చి తోడేసే నీటికి ఇప్పుడు స్థిరత్వంతో పాటు శుద్ధి లెక్కా కావాలి.

విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం మెరైన్ ఇంజినీరింగ్ విభాగం, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రాంగణం నౌకా నిర్మాణ శాస్త్రం బోధిస్తున్నాయి. అక్కడే 2016లో వచ్చిన భారత పెట్రోలియం, ఇంధన సంస్థ చమురు రంగపు ఇంజినీర్లను తయారుచేస్తోంది. ఈ స్థిరత్వ లెక్కను తెలుగులో చదువుకోదలచినవారు ఈ వ్యాసంలోని ఊహా రిగ్గు కొలతలతోనే మొదలుపెట్టవచ్చు. అడుగు నీరు 3 మీటర్ల ఎత్తు నుంచే పోయిందనుకుని, స్వేచ్ఛా ఉపరితలాన్ని పక్కన పెట్టి, 14 మీటర్ల లోతు దగ్గర జీఎం ఎంతో సొంతంగా కట్టి చూడండి. సరైన జవాబు 1.95 మీటర్లు.